బాలింతకు నీళ్లు

పోయిన వారం మా కామారెడ్డి ఇంట్లో, పాత బట్టలు వేసే గంపలో పిల్లి పిల్లలు పెట్టింది. మనవరాలు చీపురు పట్టుకుని వచ్చి, "అవ్వా, జర జరుగు, దీన్ని అవతలికి కొడ్త" అంది. నేను మంచం మీద నుంచి లేవకుండానే, "చీపురు మూలకు పెట్టు. బాలింతకు ముందుగాల నీళ్లు వెట్టు" అన్నాను. మాట నాదే కానీ గొంతు నాది కాదు. ఎప్పుడో యుద్ధం రోజుల్లో, కట్టుబట్ట కూడా కంట్రోలులో దొరికే కాలంలో, ఎల్లారెడ్డిలో పోయిన మా మేనత్తది.

ఆమె పేరు రాయను. రహస్యమేమీ లేదు, ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లను నేను చూడలేదు, అంతే. మా బాపుకు అక్క, నాకు అత్త, వాడలో అందరికీ పెద్దవ్వ. నా తల్లి పోయిన నాటి నుంచి నాకు తల్లి కూడా ఆమే. ఆమె జీవిత చరిత్ర చెప్పమంటే నాకు చేతకాదు. ఆమె కొంగు గురించి అయితే చెప్పగలను.

కొంగు భుజం మీద ఉంటే ఇల్లు మామూలుగా ఉన్నట్టు. నడుముకు దోపితే ఎవరికో మూడినట్టు. మగవాళ్ల రుమాలులాగా తలకు చుట్టిందంటే మాత్రం ఏదో నిశ్చయించుకున్నట్టు, ఇక ఆమెను కదిలించడం ఎవరి తరమూ కాదు. తలకు కొంగు ఎక్కగానే మా బాపు ఎడ్లకు గడ్డి వేసే వంకతో దొడ్లోకి వెళ్లిపోయేవాడు. ఎడ్లు అప్పటికే తిని పడుకుని ఉండేవి.

తిట్లు ఆమెకు ఊపిరి. కుండనూ తిట్టేది, కట్టెనూ తిట్టేది, వచ్చిన చుట్టాన్నీ తిట్టేది. తిట్టలేదంటే ఆ మనిషి ఆమెకు గిట్టనట్టు లెక్క. కూర్చునే ముందు వేలి కణుపులతో నేలను రెండుసార్లు కొట్టేది, కింద తేలు ఉంటే పక్కకు పోవాలని. తేలుకు చెప్పి కూర్చునే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆమె నోట ఎప్పుడూ ఆడే మాట ఒకటుండేది: "దానికి అడిగెటోళ్లెవరున్నరు?" కుంటి దూడకు పిడికెడు తవుడు ఎక్కువ వేసినా, మాటలు రాని పొరుగింటి పిల్లకు నాకంటే ముందు రొట్టె పెట్టినా అదే మాట. నేను అలిగి బెల్లం అడిగితే, "నీకు అడిగే నోరున్నది, ఆగు" అనేది. నోరున్నందుకు నేను చిన్నప్పుడు చాలాసార్లు ఆగాను.

ఇంతటి దయగల మనిషికి పిల్లి అంటే మాత్రం పడేది కాదు. బూడిద రంగు చారల పిల్లి, ఒక చెవి చినిగింది, ఏ ఇంటిదీ కాదు. మా ఉట్టి మీద పాలు అత్త లెక్కలో సగం మావి, సగం దానివి. గరిటె పట్టుకుని దాన్ని వీధి దాకా తరమడం ఆమెకు రోజూ ఉండే పని.

నేను తొలికాన్పుకు ఎల్లారెడ్డి వచ్చింది చలికాలంలో. కొడుకు పుట్టాడు. పురుడు జరిగిన అర్రలోనే ఒక మూల, బాలింత కోసమని అత్త ఏడాదిగా దాచిన మెత్తటి పాత బట్టల గంప ఉంది. కాన్పయిన మర్నాడు బట్ట కోసం చెయ్యి పెట్టి ఆమె గభాలున వెనక్కి తీసింది. గంపలో ఆ దొంగ పిల్లి, దాని పొట్ట కింద కళ్లు తెరవని నాలుగు పిల్లలు.

"దొంగముండా! నా గంపనే దొరికిందా నీకు?" అంటూ అత్త చీపురు ఎత్తింది. పిల్లి పారిపోలేదు. పిల్లల మీద ఇంకాస్త ఒదిగి, చినిగిన చెవి వెనక్కి పెట్టి చూసింది. అత్త చెయ్యి గాల్లోనే ఆగింది. చీపురు మెల్లగా కిందికి దిగింది.

"ఎప్పుడచ్చినవే పురుటికి? చెప్పన్న చెప్పకపోతివి" అంది, ఆడబిడ్డను దెప్పినట్టు.

బాపు గడప బయటే నిలబడి మొత్తుకున్నాడు. "పసిగుడ్డున్న అర్రల పిల్లేందక్కా? రేపు పోరని పానం మీదికస్తది. బయట పడెయ్."

"నీ బిడ్డకు పుట్టిల్లున్నది, అచ్చింది. దీనికి పుట్టిల్లేది? దానికి అడిగెటోళ్లెవరున్నరు?" అంటూనే కొంగు తలకు చుట్టింది. బాపు ఎడ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

నాకూ భయంగానే ఉండేది. చేటలో పడుకున్న నా కొడుకు ఒక వైపు, పిల్లి గంప ఒక వైపు, మధ్యలో అత్త చాప. ఆమె పగలంతా ఆ చాప మీదే కూర్చుని నేను కదిలినా కసిరేది, పిల్లి కదిలినా కసిరేది.

ఆ రోజుల్లో బాలింతకు నీళ్లివ్వరు. నీళ్లు తాగితే ఒళ్లు నీరు పడుతుందని, పాల గుండా పసిబిడ్డకు చలువ చేస్తుందని నమ్మకం. వెల్లుల్లి కారం అన్నం, శొంఠి మిరియాలు బెల్లంతో దంచిన కాయం ముద్ద, తలుపు మూసిన అర్ర, నిప్పుల కుంపటి. నీళ్ల పేరుతో రోజుకు పుడిసెడు వాము కషాయం. నా పెదాలు పగిలి రక్తం కారేవి. ఇదంతా బాలింతలందరికీ ఉన్నదే కదా అని పళ్లు బిగించుకుని ఉన్నాను.

అత్తకు న్యాయమంటే న్యాయమే. నాకేది చేసిందో పిల్లికీ అదే చేసింది. తలుపు వేసి దాన్నీ బయటికి పోనివ్వలేదు. దానికీ వెల్లుల్లి అన్నం పెట్టింది. నీళ్లు పెట్టలేదు. కాయం ముద్ద వేలితో తీసి మూతికి రాస్తే, అది తల విదిలించుకుని, నేలను గీరి గీరి ఆ ముద్దను పూడ్చిపెట్టే ప్రయత్నం చేసింది. నాకు నవ్వు వచ్చింది. అత్తకు రాలేదు.

రెండో నాటికి పిల్లి పిల్లలు ఒకటే కూత. మూడో నాటికి కూత సన్నబడింది. నా కొడుకు కూడా రొమ్ము పట్టి, వదిలి, గొంతు బొంగురుపోయేలా ఏడ్చేవాడు. ఒక ఉదయం గంపలో ఒక పిల్ల కదలలేదు. అత్త దాన్ని మోదుగాకులో చుట్టి బయటికి తీసుకుపోయింది. తిరిగి వచ్చాక ఎవరినీ తిట్టలేదు. కుంపటినీ, తలుపునూ, నన్నూ, దేన్నీ తిట్టలేదు. నా వంక, చేట వంక, గంప వంక చూస్తూ ఊరికే కూర్చుంది. ఆమె ఏం లెక్క చూసుకుంటోందో నాకు తెలుసు. గంపలో జరిగింది చేటలోనూ జరిగితే?

ఆ మధ్యాహ్నం ఆమె దేనికో బయటికి వెళ్లి తలుపు సరిగా వేయలేదు. చేతులు కడుక్కునే చెంబు గడప లోపలే ఉంది. పిల్లి లేచి, తూలుతూ పోయి, చెంబులో మూతి పెట్టింది. గటగటా తాగుతూనే ఉంది. నేను తల ఎత్తి చూస్తే గడపలో అత్త. కొడుతుందనే అనుకున్నాను. ఆమె కదలలేదు. పిల్లి తాగడం అయ్యేదాకా, అది పోయి గంపలో పడుకునేదాకా, మిగిలిన మూడు పిల్లలూ దాని పొట్టను పట్టుకునేదాకా అలాగే నిలబడింది. ఆ పొద్దు గూకేలోగా కడుపులు నిండి గంపలో కూతలు ఆగిపోయాయి.

అత్త చెంబు తీసుకుపోయి, తోమి, నీళ్ల రంజన్‌లోంచి చల్లటి నీళ్లు ముంచుకొచ్చింది. కొన్ని మట్టి మూకుట్లో పోసి పిల్లి ముందు పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీకు గూడ దూప అయితున్నదానె?"

నేను తల ఊపాను.

"ఇన్నొద్దులు చెప్పకపోతివేందే?"

"అడిగితే తిడ్తవని."

"తిడ్తె తిడ్త. నీకు నోరున్నదనే అనుకున్న గదనే నేను" అంటూ చెంబు నా చేతికిచ్చింది. "తాగు. ఎవలకు చెప్పకు. మంత్రసానికైతే అసలే చెప్పకు."

ఆ నీళ్ల రుచి చెప్పడానికి నాకు మాటలు లేవు. తాగుతుంటే కళ్లలోంచి కూడా నీళ్లే వచ్చాయి. ఆమె అటు తిరిగి పిల్లిని తిట్టడం మొదలుపెట్టింది, అప్పుడు నా గుండె కుదుటపడింది. ఆ సాయంత్రమే కాకపోయినా త్వరలోనే నా కొడుకు కడుపు నిండా తాగి నిద్రపోయాడు.

ఇక గండం గడిచిందనుకుంటుండగా ఎలుక పడింది. పట్టపగలు వాకిట్లోకి వచ్చి, తాగినవాడిలా గుండ్రంగా తిరిగి, రంజన్ పక్కన పడి చచ్చింది. ఆ కాలపు మనిషికి అంతకన్నా ఏమీ చెప్పనక్కరలేదు. ఎలుకలు పడితే ప్లేగు వచ్చినట్టే. గడపలో ఉన్న పిల్లి ఎలుక వైపు అడుగు వేయబోతే అత్త దూకి దాని మెడ పట్టి ఎత్తింది. ఎలుకను పట్టుకారుతో తీసి కిరసనాయిలు పోసి కాల్చింది. కానీ అంతకు ముందు అది ఏ ఎలుకను తిన్నదో తినలేదో ఎవరికి తెలుసు? ఆ ప్రశ్న మా ముగ్గురి ముఖాల్లోనూ ఉంది.

మర్నాడు డప్పు కొట్టించారు. ఊరంతా ఇండ్లు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకోవాలి. సర్కారు జవాను ఇంటింటికీ తిరిగి చెప్పాడు. "పెద్దవ్వా, పొద్దు గూకకముందే ఖాళీ కావాలె. పైకప్పు పెంకలు తీసి మందు సల్లి తాళం ఏస్తం. కుక్కను పిల్లిని ఎంట తీస్కపోవద్దు, గవే బీమారి మోస్తయి. హుకుం."

బాపు అప్పటికే లింగంపేట దారిలో మా చేనులో తడకల గుడిసె వేసి వచ్చాడు. బండి కట్టాడు. దేవుని పీట, గింజల బస్తాలు, నన్నూ బిడ్డనూ ఎక్కించాడు. అత్త పిల్లి గంప పట్టుకుని వాకిట్లో నిలబడింది.

"ఇన్నవా అక్కా, జవాను చెప్పింది? దాన్ని ఇడిశిపెట్టు. పిల్లి ఎట్లన్న పిల్లలను ఏడిండ్లు తిప్పుతది. దాని తిప్పలు అది పడ్తది."

"ఏ ఇండ్లు తిప్పుతదిరా? ఊర్లె ఒక్క ఇల్లన్న తెరిసున్నదా?"

నాకు నా బిడ్డ మీద ప్రాణం. గంపను చూస్తే భయం, అత్తను చూస్తే జాలి. కొడుకును కొంగులో దాచుకుని బండిలో ముడుచుకుని కూర్చున్నాను.

బాపు గొంతు తగ్గించాడు. "సరె తియ్. ఇయ్యాల మనం పోదాం. దీనికి రేపు బండి తోలుత."

అత్త ముఖం మారిపోయింది. "రేపు బండి తోలుతమని నాకు గూడ చెప్పిండ్రురా" అంది.

బాపు తల దించుకున్నాడు. నాకు ఆ రోజే తెలిసింది. ఆమె అత్తవారి ఊరు బీబీపేట. అక్కడ ఆమె పచ్చి బాలింతగా ఉన్నప్పుడు ఇట్లాగే ఎలుకలు పడ్డాయి. మైలలో ఉన్న మనిషిని దేవుని పీట ఉన్న బండిలో ఎక్కించకూడదని, రేపు వేరే బండి పంపుతామని, అత్తవారు ఆమెనూ పసివాణ్నీ ఇంట్లోనే వదిలి వెళ్లారు. బండి వచ్చింది. అది వచ్చేటప్పటికి పసివాడు లేడు. ఆమె ఈ సంగతి ఆ ఒక్క వాక్యంలోనే చెప్పింది, అంతకు ముందూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. మిగిలింది నాకు బాపు చెప్పాడు.

ఆమె కొంగు తలకు చుట్టింది. గంప మీద ఇంకో గంప బోర్లించి తాడుతో కట్టింది. "దీన్ని నీ బండి ఎక్కియ్య, భయపడకు. నువ్వు ముందు తోలు. నేను ఎనుక నడుస్త" అని గంప నెత్తిన పెట్టుకుంది.

నేను బండిలో వెనక్కి తిరిగి కూర్చున్నాను. ఊరు ఊరంతా అదే దారిలో కదులుతోంది. వాళ్ల మధ్య ఆమె, నెత్తి మీద గంపలో పిల్లి దారి పొడుగునా గోల, అందరూ తప్పుకుని నడుస్తున్నారు. ఎడ్లు జోరు అందుకుంటే ఆమె చిన్నదైపోయేది. అప్పుడల్లా బాపు ఏమీ అనకుండా పగ్గాలు లాగి పట్టేవాడు.

చేను చేరాక ఆమె గట్టు దాటలేదు. "నేను గీడనే ఉంట. దీన్ని ముట్టిన చేతులివి, పసిగుడ్డును ముట్టవు" అంది. పుట్టిన నాటి నుంచి నా కొడుక్కి ఆమె కాళ్ల మీదే స్నానం. ఆమె తన రెండు చేతులనూ ఒకసారి తిప్పి చూసుకుని, చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది. బాపు గట్టు అవతల ఇంకో చిన్న గుడిసె వేసి వచ్చాడు. రోజూ ఒక కుండ నీళ్లు, ఇంత అన్నం గట్టు మీద పెట్టేవాడు. మేము వెనక్కి వచ్చాకే ఆమె తీసుకునేది.

పొద్దు పొడవగానే ఆమె కేక చేనంతా వినిపించేది. "తమ్మీ! బాలింతకు నీళ్లిచ్చినవా?"

చుట్టుపక్కల గుడిసెల్లో జనం నవ్వేవాళ్లు. బాపు సిగ్గుతో, "ఇచ్చినక్కా" అనేవాడు. తర్వాత నా వంతు. నేను బిడ్డకు నీళ్లు పోస్తుంటే అక్కడి నుంచే, "మెడ కింద చెయ్యి వెట్టు! ఏయ్, మెడ కిందనే! ఏం తల్లివే నువ్వు!" ఆ తిట్లు వింటే నాకు ధైర్యంగా ఉండేది. గుడిసెల వరుసలో ఆ చివర ఒక ఇంటి మనిషిని పాడె మీద మోసుకుపోవడం అప్పటికే చూశాం. ప్రతి పొద్దూ ఆమె కేక కోసమే చెవులు రిక్కించుకుని లేచేదాన్ని.

ఒక పొద్దు కేక రాలేదు.

బాపు గట్టు దాకా పోయి వచ్చాడు. ముందు రోజు పెట్టిన కుండ పెట్టినట్టే ఉందన్నాడు. ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాం. శనగ చేనులోంచి ఏదో కదిలింది. పిల్లి. నోట ఒక పిల్లను కరచుకుని వచ్చి, మా గుడిసె పక్కన గడ్డివాము కింద పెట్టి, మళ్లీ అటే పోయింది. ఇంకోదాన్ని తెచ్చింది. "తల్లి ఇల్లు మారుస్తున్నది. ఆడ ఏమైందో!" అన్నాడు. "అక్కా! అక్కా!" అని అరిచాడు. జవాబు లేదు. పిల్లి మూడోదాన్ని తేవడానికి పోతుంటే దాని వెంటే బాపు కూడా గట్టు దూకి పరుగెత్తాడు.

నేను బిడ్డను రొమ్ముకు అదుముకుని, ఆ గుడిసెలోకి వంగి దూరిన బాపు వీపును చూస్తూ ఉన్నాను. బయటికి రాడు. ప్రాణాలు కళ్లలోకి రావడమంటే ఏమిటో ఆ కాసేపట్లో నాకు తెలిసింది. చివరికి బాపు బయటపడి, గట్టు మీది కుండ కోసం ఉరికొచ్చాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"తిట్టింది బిడ్డా! నన్ను తిట్టింది! గట్టెందుకు దాటినవురా గాడిదా అన్నది! చలిజరమే, చంకల ప్లేగు గడ్డ లేదు!"

జ్వరంతో ఆమె కుండ దాకా రాలేకపోయింది. మిగిలిన చెంబెడు నీళ్లు పిల్లికి పోసింది. అవి అయిపోయాకే పిల్లి నీళ్లున్న చోటు వెతుక్కుంటూ ఇల్లు మార్చింది. బాపు నీళ్లు తాగించి, "రోజు మమ్ముల అడుగుతివి. నిన్ను అడిగెటోళ్లెవరే అక్కా?" అని ఏడిస్తే, ఆమె, "నాకు నోరుండె గదరా. ఎండిపోయింది, కేక రాలె" అందట.

అది ఉత్త చలిజ్వరమే, వచ్చినట్టే పోయింది. చలి తగ్గాక ఇల్లు చేరాం. గడప దాటగానే ఆమె చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, నా కొడుకును ఒళ్లోకి లాక్కుని వాడి మెడ సరిచూసింది. నన్ను నమ్మలేదన్నమాట. పిల్లి పిల్లలు పెరిగాయి, తల్లి మళ్లీ ఉట్టి ఎక్కింది, అత్త మళ్లీ గరిటె పట్టింది. కానీ దొడ్డి గడప దగ్గర మూకుడు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండేది.

ఆమె పోయిన కబురు కామారెడ్డికి చేరి, నేను ఎల్లారెడ్డి పోయేసరికి అంతా అయిపోయింది. బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్లంతా ఎప్పుడు పోయిందో, ఎట్లా పోయిందో చెప్పబోయారు. నేను వినలేదు.

"నీళ్లు తాగిందా బాపూ?" అని అడిగాను.

"తాగింది బిడ్డా. నోట్ల పొయ్యబోతె మూతి తిప్పుకున్నది. పిల్లికి వెట్టినవారా అని అడిగింది. వెట్టిన అన్న. గప్పుడు తాగింది." బాపు దొడ్డి వైపు చూశాడు. "అబద్ధమాడిన బిడ్డా. వెట్టలె."

నేను లోపలికి పోయి రంజన్‌లో చెంబు ముంచాను. చావింటి నీళ్లు మైల, పారబోయాలి అని ఎవరో అన్నారు. దొడ్డి గడప దగ్గర మూకుడు ఎండిపోయి ఉంది. నిండా పోసి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి చారల పిల్లి ఒకటి గోడ దిగి వచ్చింది. ఆ పాతదాని కూతురో మనవరాలో నాకు తెలియదు. అది తాగడం మొదలుపెట్టాక నాకు ఏడుపు వచ్చింది.